ఆల్మన్ బ్రదర్సా, లెనర్డ్ స్కినర్డా? సదరన్ రాక్‌లో ఎవరితో మొదలుపెట్టాలి, ఎవరికి ఓటెయ్యాలి

సదరన్ రాక్‌లో అందరికంటే గొప్ప బ్యాండ్ ఏది, గొప్ప పాట ఏది అన్న వాదన యాభై ఏళ్ళుగా తెగడం లేదు. ఒకరు పాట గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు వాయించే తీరు గురించి మాట్లాడతారు. ఒకరు రికార్డు వింటారు, ఇంకొకరు కచేరీ వింటారు. కొలబద్దలే వేరైనప్పుడు వాదన ఎక్కడ తేలుతుంది? అందుకే పేర్ల జోలికి పోకముందే దేన్ని చూసి కొలవాలో చెప్పుకుందాం. కొత్తగా వినాలనుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ళకు కూడా ఇదే దారి.

ఇక్కడ దక్షిణం అంటే అమెరికా ఆగ్నేయంలోని జార్జియా, ఫ్లోరిడా, అలబామా, కరోలినాల చుట్టుపక్కల నేల. బ్లూస్, కంట్రీ, గాస్పెల్, సోల్ అన్నీ అక్కడే పుట్టాయి, లేదా అక్కడే పెరిగాయి. 1969 తర్వాత ఆ ఊళ్ళ కుర్రాళ్ళు వాటన్నిటినీ రాక్‌లో కలిపి, న్యూయార్క్‌కో లాస్ ఏంజెలిస్‌కో వలసపోకుండా సొంత గడ్డ మీదే ఉండి పాడారు. జార్జియాలోని మేకన్ పట్టణంలో ఫిల్ వాల్డెన్ నడిపిన కాప్రికార్న్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ ఈ సంగీతానికి కేంద్రం అయింది. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ పాటల నిండా దక్షిణాది వాగులూ బురదా ఉన్నా వాళ్ళది కాలిఫోర్నియా, అందుకని ఈ పోలికలోకి వాళ్ళను తేవడం లేదు.

దేన్ని చూసి కొలవాలి

మొదటిది, పాట. గిటార్ల హోరంతా తీసేసి, ఒక్క గొంతు, ఒక్క గిటార్‌తో పాడినా ఆ పాట నిలబడాలి.

రెండోది, వాయిద్యం. సదరన్ రాక్ బ్యాండ్లలో సాధారణంగా ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు లీడ్ గిటారిస్టులు ఉంటారు. వాళ్ళు ఒకరి మాట ఒకరు వింటూ వాయిస్తున్నారా, లేక ఎవరి గోల వాళ్ళదేనా?

మూడోది, స్టేజి. ఈ సంగీతానికి అసలు ఇల్లు కచేరీ. స్టూడియోలో బాగుండి స్టేజి మీద తేలిపోతే మార్కులు తగ్గించాల్సిందే.

నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు కానీ నాకు ముఖ్యం. ఈ సంగీతంలో సగానికి పైగా నల్లజాతి కళాకారుల నుంచి వచ్చింది. తీసుకున్నవాళ్ళు ఆ ఋణాన్ని ఒప్పుకున్నారా? ఏ పాటలో, ఏ రకంగా ఒప్పుకున్నారు?

ఎంతకాలం నిలిచారు అన్నదాన్ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. ఈ బ్యాండ్లలో చాలావాటిని చావు మధ్యలోనే తుంచేసింది. వాటి మంచికాలం రెండేళ్ళో, నాలుగేళ్ళో. దానికి వాళ్ళను తప్పుపట్టలేం.

ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్: ఆ క్షణంలో పుట్టే సంగీతం

1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మొదలై, వెంటనే మేకన్‌కు మకాం మార్చిన బ్యాండ్ ఇది. అన్న డ్యుయేన్ ఆల్మన్ గిటార్, తమ్ముడు గ్రెగ్ గొంతూ ఆర్గనూ, డికీ బెట్స్ రెండో గిటార్, బెరీ ఓక్లీ బేస్. డ్రమ్స్ మీద ఇద్దరు: బుచ్ ట్రక్స్, జైమో. జైమో నల్లజాతివాడు. ఆ రోజుల్లో ఆ రాష్ట్రాల్లో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి ఒకే బ్యాండ్‌లో ఊరూరా తిరగడం చిన్న విషయం కాదు.

డ్యుయేన్ జలుబు మాత్రల ఖాళీ గాజు సీసాను వేలికి తొడుక్కుని తీగల మీద జార్చుతూ వాయించేవాడు. బ్యాండ్ పెట్టకముందే అలబామాలోని మజిల్ షోల్స్‌లో సోల్ గాయకుల రికార్డులకు గిటార్ వాయించి పేరు తెచ్చుకున్నాడు. ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి "లేలా"లో వాయించింది కూడా ఇతనే.

ఈ బ్యాండ్‌ను ఒక్క రికార్డుతో అంచనా వేయమంటే అది "ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్". 1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో జరిగిన కచేరీల నుంచి టామ్ డౌడ్ తయారుచేసిన డబుల్ ఆల్బమ్. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు, మొత్తం ఏడే పాటలు. చివరి వైపంతా ఒకే పాట: "విప్పింగ్ పోస్ట్", దాదాపు 23 నిమిషాలు. పాట మొదలవకముందే జనంలోంచి ఒకడు ఆ పాట పేరు పెట్టి కేకేస్తాడు, అది రికార్డులో వినిపిస్తుంది. తర్వాత ఓక్లీ బేస్ ఒక్కటే మొదలవుతుంది. అక్కడ తాళం వేసి చూడండి. తకిట, తకిట, తకిట, తక. పదకొండు. రాక్ పాటంటే నాలుగు దెబ్బలే అనుకునేవాళ్ళకు మొదట అడుగు తడబడుతుంది. మన లెక్క చెవిలో ఉన్నవాళ్ళకు రెండో ఆవృతానికే చిక్కుతుంది. గ్రెగ్ గొంతు అందుకోగానే పాట మామూలు తిశ్రంలోకి వస్తుంది, మళ్ళీ మధ్యలో ఆ పదకొండు తిరిగొస్తుంది. అక్కడి నుంచి ఇద్దరు గిటారిస్టులూ పాటను ఎంత దూరం తీసుకెళ్తారో ముందుగా ఊహించలేం. డ్యుయేన్ ఆ రోజుల్లో మైల్స్ డేవిస్ జాజ్ తెగ వినేవాడు. కంగారు పడకుండా ఒక స్వరం మీద నిలబడి, దాన్ని మెల్లగా విప్పడం అక్కడి నుంచే వచ్చింది.

అదే ఆల్బమ్‌లోని "ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్" బెట్స్ కట్టిన వాయిద్య గీతం. ఆ పేరు మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీది నుంచి తీసుకున్నది. ఆల్బమ్ మొదటి పాట "స్టేట్స్‌బరో బ్లూస్" జార్జియాకే చెందిన బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో రికార్డు చేసినది. అంధుడైన ఒక నల్లజాతి గిటారిస్టు పాటతో తమ గొప్ప రికార్డును మొదలుపెట్టారు. నా నాలుగో కొలమానంలో వీళ్ళకు పూర్తి మార్కులు అక్కడే పడ్డాయి.

ఆ ఆల్బమ్ జులైలో విడుదలైంది. అక్టోబర్ 29న మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్యుయేన్ చనిపోయాడు. వయసు 24. ఏడాది తిరిగేసరికి, అదే ఊళ్ళో, ఆ చోటికి కూతవేటు దూరంలో ఓక్లీ కూడా మోటార్‌సైకిల్ ప్రమాదంలోనే పోయాడు. అతనికీ 24 ఏళ్ళే. మిగిలినవాళ్ళు ఆగలేదు. 1973లో వచ్చిన "బ్రదర్స్ అండ్ సిస్టర్స్" ఆల్బమ్‌లోని "రాంబ్లిన్ మ్యాన్" బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. అందులోనే ఉంది "జెసికా", బెట్స్ తన చిన్నారి కూతురి పేరు పెట్టిన పాట. కాలిన గాయంతో దెబ్బతిన్న చేతితో, రెండే వేళ్ళతో అద్భుతాలు చేసిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ మీద గౌరవంతో, రెండు వేళ్ళతో పలికేలా ఆ వరసను కట్టాడు. వినేటప్పుడు ఆ కష్టం ఏమీ తెలియదు, సంతోషమే తెలుస్తుంది.

వీళ్ళతో ఉన్న చిక్కు చెప్పాలి కదా. ఓపిక కావాలి. పాట కోసం వచ్చినవాళ్ళకు పది నిమిషాల గిటార్ విసుగు పుట్టిస్తుంది. మాటలు కూడా ఎక్కువ పాటల్లో బ్లూస్‌లో అందరూ చెప్పుకునే బాధలే. "మెలిస్సా", "మిడ్‌నైట్ రైడర్" మాత్రం వేరు. ఆ రెండూ గ్రెగ్ గొంతు ఒక్కటి చాలని చూపించే పాటలు.

లెనర్డ్ స్కినర్డ్: కథ చెప్పే పాట

వీళ్ళదీ జాక్సన్‌విల్లే, కానీ కార్మికుల పేటలు. జుట్టు పెంచుకున్నందుకు స్కూల్లో తమను వేధించిన లెనర్డ్ స్కినర్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడి పేరునే అక్షరాలు మార్చి బ్యాండ్‌కు పెట్టుకున్నారు. గాయకుడు రానీ వాన్ జాంట్ ఈ బ్యాండ్‌కు ప్రాణం.

ఆల్మన్లకూ వీళ్ళకూ అసలు తేడా సాధనలో ఉంది. జాక్సన్‌విల్ దగ్గర గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్‌లో రేకుల కప్పు ఉన్న చిన్న గదిలో, ఎండకు మాడిపోతూ రోజంతా సాధన చేసేవాళ్ళు. ఆ గదికి హెల్ హౌస్ అని పేరు. గిటార్ సోలోలు కూడా స్వరం స్వరం ముందే కట్టుకుని, ప్రతి కచేరీలోనూ అలాగే వాయించేవాళ్ళు. ఆల్మన్లు పాటను దారిలో వెతుక్కుంటారు, స్కినర్డ్ ఇంటి దగ్గరే కట్టుకుని వస్తారు. ఏది గొప్ప అన్నది మీరు సంగీతం నుంచి ఏం కోరుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. ముందే కట్టుకున్నది తక్కువ రకం అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను.

1973 నుంచి 1977 దాకా అయిదు స్టూడియో ఆల్బమ్‌లు. మొదటిదాంట్లోనే "ఫ్రీ బర్డ్", "సింపుల్ మ్యాన్", "ట్యూస్‌డేస్ గాన్" ఉన్నాయి. రానీ మాటలు పొదుపుగా ఉంటాయి, అలంకారాలు ఉండవు. 1975లో వచ్చిన "సాటర్‌డే నైట్ స్పెషల్" చవక పిస్తోళ్ళకు వ్యతిరేకంగా రాసిన పాట. దక్షిణాది కుర్రాళ్ళంటే తుపాకులంటే పడిచచ్చేవాళ్ళే అనుకునేవాళ్ళు ఇది వినాలి.

రానీ ఏపాటి కథకుడో తెలియాలంటే 1974 నాటి "ద బాలడ్ ఆఫ్ కర్టిస్ లో" వినండి. ఒక తెల్లపిల్లాడు పొద్దున్నే లేచి ఖాళీ సోడా సీసాలు ఏరుతాడు. వాటిని కొట్లో ఇచ్చి, వచ్చిన చిల్లర కర్టిస్ అనే నల్లజాతి ముసలాయనకు ఇస్తాడు. ఆయన ఆ డబ్బులతో వైన్ కొనుక్కుని, మోకాళ్ళ మీద పాత డోబ్రో గిటార్ పెట్టుకుని వాయిస్తాడు. ఆయన దగ్గరికి వెళ్ళినందుకు అమ్మ కొడుతుంది, వాడు మళ్ళీ వెళ్తాడు. ఊళ్ళో జనం ఆయన్ని పనికిమాలినవాడంటారు. చనిపోయిన రోజు ప్రార్థనకు ఒక్కరూ రారు. పాటంతా ఇంతే. కర్టిస్ కల్పిత పాత్రే కానీ, ఈ సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నారో, నేర్పినవాళ్ళకు ఊరు ఏం మిగిల్చిందో అయిదు నిమిషాల లోపే ఇంత సూటిగా చెప్పిన సదరన్ రాక్ పాట ఇంకోటి నాకు తెలియదు.

అదే ఆల్బమ్‌లో "స్వీట్ హోమ్ అలబామా" కూడా ఉంది. గొడవంతా ఇక్కడే. కెనడాకు చెందిన గాయకుడు నీల్ యంగ్ తన రెండు పాటల్లో దక్షిణాది జాతి వివక్షను ఎండగట్టాడు. అందరినీ ఒకే గాటన కట్టాడన్న ఉక్రోషంతో దీన్ని కట్టారు. రాసిన ముగ్గురిలో ఒక్కరిదీ అలబామా కాదు. నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేర్వేరు బడులుండాలని పట్టుబట్టిన గవర్నర్ జార్జ్ వాలెస్‌ను మెచ్చుకున్నట్టు ఒక పాదం ఉంది, దాని వెనకే వెక్కిరిస్తున్నట్టు కోరస్ ఉంది. అది పొగడ్తా, తిరస్కారమా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. రానీకి నీల్ యంగ్ అంటే అభిమానం, అతని బొమ్మ ఉన్న టీషర్ట్ వేసుకుని పాడేవాడు. తన "అలబామా" పాటకు ఆ దెబ్బ పడాల్సిందేనని తర్వాత నీల్ యంగే రాశాడు. ఇవన్నీ నిజమే. స్టేజి వెనక బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ పక్షపు జెండా వేలాడిందీ అంతే నిజం. "కర్టిస్ లో" రాసిన మనిషి వెనక ఆ జెండా ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ పాటకు పడిన మార్కుల్లో కొన్ని ఈ జెండా దగ్గర కోసేస్తాను.

1977 అక్టోబర్ 20న, "స్ట్రీట్ సర్వైవర్స్" ఆల్బమ్ విడుదలైన మూడు రోజులకు, గ్రీన్‌విల్ నుంచి బేటన్ రూజ్ వెళ్తున్న వాళ్ళ విమానం ఇంధనం అయిపోయి మిసిసిపీ అడవిలో కూలింది. రానీ, గిటారిస్టు స్టీవ్ గెయిన్స్, అతని అక్క, గాయని కాసీ గెయిన్స్‌తో సహా ఆరుగురు పోయారు. అట్టమీద బ్యాండ్ చుట్టూ మంటలున్న ఫొటో ఉండటంతో దాన్ని మార్చేశారు. రానీ తమ్ముడు జానీతో 1987 నుంచి అదే పేరుతో కచేరీలు నడుస్తున్నాయి. కొత్తవాళ్ళు మాత్రం 1977 దగ్గరే ఆగితే చాలు.

మిగిలినవాళ్ళు

మార్షల్ టకర్ బ్యాండ్‌ది సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్. కంట్రీ వైపు ఎక్కువ మొగ్గు, పైన వేణువు. "కాంట్ యూ సీ" 1973 నాటిది. పాడింది, రాసింది టాయ్ కాల్డ్‌వెల్. అతను పిక్ లేకుండా బొటనవేలితో గిటార్ మీటేవాడు. గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళకు ఒక మాట: ఈ పాటకూ "స్వీట్ హోమ్ అలబామా"కూ డి, సి, జి అనే అవే మూడు కార్డ్స్. ఒకటి గుండెను పిండుతుంది, ఇంకోటి అడుగులేయిస్తుంది. రెండూ పక్కపక్కన వాయించి చూస్తే మీటే తీరులో, వేగంలో ఎంత ఉందో అర్థమవుతుంది.

అవుట్‌లాస్ ఫ్లోరిడాలోని టాంపా వాళ్ళు. దాదాపు పది నిమిషాల "గ్రీన్ గ్రాస్ అండ్ హై టైడ్స్" (1975) కోసమైనా వినాలి. చార్లీ డేనియల్స్‌ది ఫిడేలు, అతని "ద డెవిల్ వెంట్ డౌన్ టు జార్జియా" (1979) పిల్లలకు కూడా నచ్చే కథ. మాలీ హాచెట్, బ్లాక్‌ఫుట్ హార్డ్ రాక్ ఇష్టపడేవాళ్ళకు. టెక్సస్ వాళ్ళైన జీజీ టాప్‌ను ఈ జాబితాలో చేర్చాలా వద్దా అని పేచీ ఉంది. నా మటుకు వాళ్ళది బ్లూస్ ముగ్గురి బ్యాండ్, జంట గిటార్ల సంప్రదాయం కాదు. "లా గ్రాంజ్" గొప్ప పాటే, కానీ వేరే వరస.

| బ్యాండ్ | ముందుగా వినాల్సిన ఆల్బమ్ | మొదట వినాల్సిన పాట | బలం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| ఆల్మన్ బ్రదర్స్ | ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్ (1971) | జెసికా | మనోధర్మం, జంట గిటార్లు | నిడివి |
| లెనర్డ్ స్కినర్డ్ | సెకండ్ హెల్పింగ్ (1974) | సింపుల్ మ్యాన్ | మాటలు, పాట కట్టుబడి | జెండా గొడవ |
| మార్షల్ టకర్ | మొదటి ఆల్బమ్ (1973) | కాంట్ యూ సీ | కంట్రీ రుచి, వేణువు | అన్ని పాటలూ ఒకే ఎత్తులో ఉండవు |
| అవుట్‌లాస్ | మొదటి ఆల్బమ్ (1975) | గ్రీన్ గ్రాస్ అండ్ హై టైడ్స్ | గిటార్ల వేగం | గుర్తుండే పాటలు తక్కువ |

మీరు ఏ రకం శ్రోత?

శాస్త్రీయ సంగీతం వింటూ పెరిగినవాళ్ళు నేరుగా ఫిల్‌మోర్ దగ్గరికి వెళ్ళొచ్చు. రాగాలాపనకు ఓపిక ఉన్న చెవికి ఇరవై నిమిషాల వాయిద్యం ఇబ్బంది పెట్టదు. మిగతావాళ్ళు మాత్రం "విప్పింగ్ పోస్ట్"తో మొదలుపెట్టకండి. ముందు "జెసికా", తర్వాత "మెలిస్సా", ఆ తర్వాతే కచేరీ.

సాహిత్యం ముఖ్యమైతే స్కినర్డ్. మొదటి రెండు ఆల్బమ్‌లు వరసగా వినండి, హిట్ పాటల సంకలనాలు వద్దు. సంకలనాల్లో "కర్టిస్ లో" తరచూ జారిపోతుంది.

కారులో దూరప్రయాణానికైతే మార్షల్ టకర్, "రాంబ్లిన్ మ్యాన్". అట్లాంటా చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. ఐ-75 మీద దక్షిణంగా 130 కిలోమీటర్లు వెళ్తే మేకన్. ఆల్మన్లు కలిసి ఉన్న బిగ్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. డ్యుయేన్, ఓక్లీ, 2017లో పోయిన గ్రెగ్ ముగ్గురి సమాధులూ రోజ్ హిల్‌లోనే ఉన్నాయి.

నా ఓటు

బ్యాండ్‌గా ఆల్మన్ బ్రదర్స్. 1971 మార్చి కచేరీల్లో ఆ ఆరుగురు ఒకరినొకరు విన్నట్టు ఇంకే సదరన్ రాక్ బ్యాండూ వినలేదు. ఋణం ఒప్పుకోవడంలోనూ వాళ్ళే ముందున్నారు. మాటల్లో స్కినర్డ్ గెలుస్తారు, కానీ బ్యాండ్ అన్నమాటకు నాకు వాయించడమే ముందు.

పాటగా "ఫ్రీ బర్డ్". రేడియోల్లో అరిగిపోయింది, ఏ కచేరీలోనైనా ఎవడో ఒకడు దాని పేరు పెట్టి అరిచే అలవాటు విసుగు పుట్టిస్తుంది, అయినా సరే. మొదటి సగం ఒక్క గొంతుతో నిలబడే నెమ్మది పాట, రెండో సగం నాలుగు నిమిషాలకు పైగా గిటార్ల పరుగు. నా మొదటి రెండు కొలమానాలకూ ఒకే పాటలో జవాబు దొరికింది. అది డ్యుయేన్ కోసం రాసింది కాకపోయినా, స్టేజి మీద అతనికి అంకితమిచ్చేవాళ్ళు. స్టూడియోది 9 నిమిషాలు. నేను చెప్పేది మాత్రం 1976లో అట్లాంటా ఫాక్స్ థియేటర్‌లో రికార్డు చేసిన "వన్ మోర్ ఫ్రమ్ ద రోడ్"లోది. ఏ పాట వినాలని ఉందని రానీ జనాన్ని అడగడం, వాళ్ళ కేక, తర్వాత పాట. ముగ్గురు గిటారిస్టులు కలిసి చివరికి పరుగెత్తే తీరు కోసం అదే వినాలి.

ఇవన్నీ విన్నాక కూడా ఆ జెండా సంగతి మనసులో ముల్లులా ఉంటే, 2001లో డ్రైవ్-బై ట్రక్కర్స్ తెచ్చిన "సదరన్ రాక్ ఒపేరా" ఉంది. స్కినర్డ్ కథనూ, వాలెస్‌నూ, నీల్ యంగ్‌నూ, ఆ విమానాన్నీ దక్షిణాదిలోనే పుట్టి పెరిగినవాళ్ళు తమలో తాము తేల్చుకుంటూ పాడిన డబుల్ ఆల్బమ్. బ్యాండ్‌ను నడిపే ప్యాటర్సన్ హుడ్ నాన్న డేవిడ్ హుడ్ మజిల్ షోల్స్‌లో బేస్ వాయించినవాడు. "స్వీట్ హోమ్ అలబామా"లో స్వాంపర్స్ అని పేరు పెట్టి పొగిడిన ఆ వాద్యబృందంలో ఆయనా ఒకడు.